నేను తీసేసిన వదిన

ఆయిల్‌పామ్ తోటలో పని చేసే ఆడవాళ్ళకు ఫోన్ పట్టుకోవడం కష్టం. చెట్ల కింద రాలిన పండ్లు ఏరి ఏరి వేళ్ళకు నారింజ రంగు నూనె పట్టేస్తుంది. ఆ చేతితో అద్దం మీద వేలు పెడితే జారిపోతుంది. ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. అందుకే ఫోన్ తీసే ముందు ఇంత పొడిమట్టి అరచేతుల్లో వేసుకుని రుద్దుకుంటాం, తర్వాత కొంగుకు తుడుచుకుంటాం. మా వాట్సాప్ గుంపులో ఎవరైనా పనికిరానిదేదో పెడితే "నూనె చెయ్యి తగిలింది" అనేవాళ్ళు. అందరం నమ్మేవాళ్ళం.

నేను వదినను గుంపులో నుంచి తీసేసిన రోజు నా చేతికి నూనె లేదు. ఆ రోజు పని లేదు. తలస్నానం చేసి, కొత్త జాకెట్ తొడుక్కుని, ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. శుభ్రమైన వేలితోనే నొక్కాను.

మాది అశ్వారావుపేట దాటి అడవి వైపు పోయే దారిలో చిన్న ఊరు. తోటల్లో మగవాళ్ళు పొడుగు కర్రకు కట్టిన కొడవలితో గెలలు కోస్తారు. మేము పండ్లు ఏరుతాం, మట్టలు ఒక పక్కకు పేరుస్తాం. మా గుంపులో అప్పుడు ఇరవై ఆరుమందిమి. రేపు ఏ తోటకు పోవాలి, ఎంతమంది కావాలి, ట్రాలీ ఆటో ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ తోటవాళ్ళతో మాట్లాడి చెప్పేది నేను.

వదిన నాకు చుట్టం కాదు. ఊరి వరస. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్నూ వదినా అంటుంది. మా దగ్గర ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒకరినొకరు ఏమైనా అనుకోవచ్చు. మొగుణ్ణి, కూరను, నడకను, దేన్నైనా వెక్కిరించవచ్చు. వెక్కిరించకపోతేనే ఏదో తేడా వచ్చిందని ఊరు అనుకుంటుంది.

మేమిద్దరం ఒకే రోజు బడిలో కూర్చున్నాం. అప్పటికి నాకు నలభై ఆరు. నా మనవడు అంగన్‌వాడీకి పోయిన ఏడాదే నేనూ పలక పట్టాను. పిల్లలు ఇళ్ళకు పోయాక సాయంత్రం ఆ బడి గదిలోనే మాకు చదువు చెప్పేవాళ్ళు. చెప్పేది అశ్వారావుపేట నుంచి వచ్చే టీచరమ్మ. వాళ్ళది ముస్లిం దర్జీల ఇల్లు. మామగారి కాలం నుంచి అక్కడ బస్టాండు పక్కన కుట్టు దుకాణం ఉంది. మా ఊరి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె భర్త చేతి మీదుగా వచ్చినవే.

మొదటి నెలలోనే వదిన దగ్గర బలపాలు మాయం కావడం మొదలైంది.

"ఏదమ్మా, బలపం?" అని టీచరమ్మ అడిగింది.

వదిన నోరు గట్టిగా మూసుకుని నా వైపు చూసింది. పెదవి చివర తెల్లగా ఉంది.

"తిన్నది టీచరమ్మా," అని నేనే చెప్పేశాను. "ఇంట్ల బియ్యం లెవ్వేమో పాపం."

"బియ్యం ఉన్నయి గని, నీ లెక్క సగం తిని సగం కొంగుల దాసుడు నాకు రాదు," అంది వదిన.

అందరూ నవ్వారు. నిజంగానే నా కొంగు ముడిలో ఒక ముక్క ఉంది. టీచరమ్మ కోప్పడలేదు. ఇద్దరి ముందూ ఒక్కో కొత్త బలపం పెట్టింది. "తినుండ్రి, నేనొద్దన. గని రాసినంక తినుండ్రి. ఒక్క అక్షరం రాయాలె, ఒక్క ముక్క కొరకాలె," అంది. ఆ వారంలో వదిన నాకంటే పది అక్షరాలు ముందుకు పోయింది.

టీచరమ్మ రెండేళ్ళు చెప్పింది. ఆ రెండేళ్ళలో ఆమె ఎవరినీ గదిలో నుంచి బయటికి పంపింది లేదు. నిద్రపోయేవాళ్ళను నిద్రపోనిచ్చేది, మేలుకున్నాక వాళ్ళకోసం పాఠం మళ్ళీ చెప్పేది. తాగివచ్చిన మొగుడి మీద కోపంతో పలక పగలగొట్టిన ఆమెకు తన సంచిలో నుంచి ఇంకో పలక తీసి ఇచ్చింది. అప్పట్లో అది ఆమె మెత్తదనం అనుకున్నాను. అదొక పని చేసే పద్ధతి అని నాకు తట్టలేదు.

పెద్దయ్యాక చదువు నేర్చినవాళ్ళ చదువు ఎలా ఉంటుందో చెప్పాలి. లేకపోతే వదిన చేసిన తప్పు అర్థం కాదు. మేము మొదటి వరుస మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాం. రెండో వరుస అయ్యేసరికి మెడ నొస్తుంది. మూడో వరుసలో మొదటి వరుస మర్చిపోతాం. అందుకని మొదట మంచిమాట ఉంటే చివరిదాకా మంచిమాటే ఉంటుందని అనుకుని ఆపేస్తాం. చిన్నప్పటి నుంచి చదివినవాళ్ళు కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, ఇందులో ఏదో తేడా ఉందని పసిగడతారు. మాకది రాదు. మనిషి గుమ్మంలో నిలబడితే ఎందుకు వచ్చాడో మొహం చూసి చెప్పగలం. అక్షరాలకు మాత్రం మొహం కనపడదు.

చదువు అయిపోయాక, నేర్చుకున్నది మర్చిపోకుండా ఉండాలని టీచరమ్మే వాట్సాప్‌లో గుంపు పెట్టింది. అందులో గొంతు పంపకూడదు, రాయాలి. పని కబుర్లు కూడా దాంట్లోనే రాసుకోవాలి. నన్ను అడ్మిన్ చేసింది.

"మా వదిన సర్పంచ్ అయింది, ఇగ జీపొక్కటే తక్కువ," అని వదిన ఆటోలో అందరికీ వినపడేలా అంది. ఆమె రాసిన మొదటి మాట నాకు గుర్తుంది. తెల్లవారి ఐదింటికి వచ్చింది. "వదిన లే." తర్వాత నెలకు అది పెరిగింది. "వదిన లే నీ మొగుడు లేసి పొయ్యి ఊదుతుండు సిగ్గు లేదా." ఇరవై ఆరుమంది చూసే చోట పెట్టింది. ఆ రోజు తోటలో నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు.

ఆ ఏడాది శ్రీరామనవమికి పని లేదు. ఊళ్ళో సగం మంది కల్యాణం చూడటానికి భద్రాచలం పోయారు. నేను ఇంట్లోనే ఉండి పానకం కలుపుతున్నాను. ఫోన్ పొద్దున్నుంచి మోగుతూనే ఉంది. వదిన దగ్గర నుంచి ఒక మెసేజ్ వచ్చింది. పైన సీతారాముల బొమ్మ, చుట్టూ పూలు, కింద పండుగ శుభాకాంక్షలు, ఆ కింద చాలా పొడుగ్గా ఏదో రాసి ఉంది. రెండు వరుసలు చదివాను. చేతులు జోడించిన బొమ్మ నొక్కాను. నా తర్వాత ఇంకో ఆరేడుగురు కూడా అదే బొమ్మ పెట్టారు.

పానకం పని అయ్యాక మెట్టు మీద కూర్చున్నాను. రోజుకు ఒక పేజీ అయినా చదవమని టీచరమ్మ చెప్పింది కదా, తీరిక ఉంది కదా అని ఆ మెసేజ్‌నే మళ్ళీ తీశాను. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోయాను. ఎనిమిదో తొమ్మిదో వరుస నుంచి మాట మారింది. ముస్లింల దుకాణాల్లో గుడ్డముక్క కూడా కొనవద్దని, బట్టలు కుట్టించుకోవద్దని, వాళ్ళను ఊళ్ళోకి రానివ్వవద్దని ఉంది. ఇంకా కింద ఉన్నవి నేను ఇక్కడ రాయను.

నా ఒంటి మీద ఉన్న జాకెట్ ముందు రోజే టీచరమ్మ భర్త కుట్టి పంపింది. కాజాల దగ్గర దారం ఇంకా బిరుసుగా ఉంది. టీచరమ్మ కూడా ఆ గుంపులోనే ఉంది, ఇది చదివే ఉంటుంది.

ముందు నేను పెట్టిన దండం బొమ్మ తీసేశాను. అది మొదట చేసిన పని. ఆ తర్వాతే వదిన పేరు మీద వేలు పెట్టి నొక్కి పట్టాను. తీసేయాలా అని అడిగింది. అవునన్నాను. పంపిన మెసేజ్‌ను కూడా అడ్మిన్ తీసేయవచ్చని నాకు అప్పటికి తెలియదు. మనిషిని తీసేయడం మాత్రం తెలుసు. అది అక్కడే ఉంది, మనిషి పోయింది.

తర్వాత కూడబలుక్కుని రాశాను. "ఇట్లాంటివి పెట్టేవాళ్ళకు ఈ గుంపులో జాగా లేదు." ముగ్గురు బాగుందని బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. వాళ్ళలో ఇద్దరు పొద్దున దండం పెట్టినవాళ్ళే. ఆ బొటనవేళ్ళు చూసి నాకు గర్వం కలిగింది. ఈ మాట రాయకపోతే మిగతాదంతా రాసి ఉపయోగం లేదు.

ఆ సాయంత్రం తోటవాళ్ళు ఫోన్ చేసి, భద్రాచలం నుంచి వచ్చే బండ్ల రద్దీ ఉంది కాబట్టి రేపు ఆటో చౌరస్తాకు రాదు, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగుతుంది అని చెప్పారు. గుంపులో రాశాను. పొద్దున ఆటోలో వదిన కూర్చునే మూల ఖాళీగా ఉంది. అలిగింది, రెండు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను.

తోట నుంచి వచ్చేసరికి టీచరమ్మ మా ఇంటి ముందు కూర్చుని ఉంది. నీళ్ళు ఇస్తే తాగలేదు.

"అక్కా, ఆమెనెందుకు తీసేసినవ్?"

"మీ గురించే గద టీచరమ్మా. గట్ల రాస్తె ఊకుంటనా?"

"ఆమె రాసిందా?"

"పంపింది గద."

"సదివి పంపిందా?"

ఆమె తాగని నీళ్ళ గ్లాసు తీసి మెట్టు మీద పెట్టాను.

"సదివి ఉండది. నాకెరుకే. రెండో వరుస కాడ ఆమె ఆగుతది. సదువు చెప్పిందాన్ని, నాకు తెల్వదా?" ఆమె చేతిలో ఫోన్‌ను తిప్పుతూ ఉంది. "నేనున్న ఇంకో రెండు గ్రూపుల గదే మెసేజ్ వచ్చింది అక్కా. పెట్టినోళ్ళు నౌకరీలు చేసేటోళ్ళు. మొత్తం సదివి, తెల్సి పెట్టినోళ్ళు. వాళ్ళనెవ్వరు ఏమనలె. తెల్వక పెట్టిన ఒక్కామెకు శిక్ష పడ్డది."

"మరేం చెయ్యాల్నంటరు?"

"నా క్లాసుల ఎవర్నన్న బయటికి తోలిన్నా? పక్కపొంటి కూసొని చివరిదాక సదివియ్యాలె. అప్పుడు ఆ మెసేజ్‌ను ఆమెనే తీస్తుండె. ఏడుస్తుండె గుడ. ఆ ఏడుపు నా ముందట ఏడిస్తే నాకు గుడ బరువు దిగుతుండె."

ఆమె ముందే వదినను మళ్ళీ గుంపులో చేర్చాను. అయిపోయింది, అతికింది అనుకున్నాను. టీచరమ్మ లేచి బస్సుకు పోయింది. ఆమె బస్సు ఎక్కి ఉంటుందో లేదో, గుంపులో చిన్న అక్షరాలతో ఒక వరుస వచ్చింది. వదిన తనంతట తానే వెళ్ళిపోయింది.

చీకటి పడకముందే వాళ్ళ ఇంటికి పోయాను. వాకిట్లో పాత చీర పరిచి ఇప్పపువ్వు ఆరబోసింది. దాన్ని పోగు చేస్తూ ఉంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"మళ్ళ చేర్చిన గద వదినా, ఎందుకెల్లిపోయినవ్?"

"నువ్వు తీస్తె పోవాలె, పెడితె రావాలె. నేనేమన్న చీపురునా?"

"కోపంల జేసిన."

"కోపమొస్తె వచ్చి తిట్టాలె. జుట్టు పట్టుకొని గుంజాలె. వదినెవు, నీకు హక్కుంది. ఇరవై అయిదుమంది ముందట తీసేస్తివి."

"నువ్వు పంపిన దాంట్ల ఏం రాసుందో తెల్సా నీకు?"

"ఇయ్యాల తెల్సింది. నా బిడ్డ సదివి చెప్పింది." ఆమె చేతులు పువ్వు మీద ఆగిపోయాయి. "టీచరమ్మ కాళ్ళ మీద పడుదామనుకున్న. ఏ మొఖం పెట్టుకొని పోను? దేవుని బొమ్మ ఉన్నది గద, మంచిదే అనుకున్న. నువ్వు సుత దండం పెట్టినవ్ గద వదినా. మొదటి దండం నీదే. ఇయ్యాల చూస్తె లేదు."

ఆమె గొంతు ఎత్తలేదు.

"పొద్దుగాల సద్ది కట్టుకొని చౌరస్త కాడ నిలబడ్డ. ఎండ ఎక్కేదాక నిలబడ్డ. మీరంత ట్యాంకి కాడ ఎక్కిపోయిన్రని కిరాణా ఆమె చెప్పింది. నాకెందుకు చెప్పలే అని అప్పుడు ఫోన్ తీసిన. నన్ను తీసేసినవని రాసుంది. అది చివరిదాక సదివిన వదినా."

"తప్పైంది," అన్నాను.

"అవ్, అయితది," అంది. లేచి ఇంట్లోకి పోయి స్టూల్ తెచ్చింది. కొంగుతో తుడిచి నా ముందు వేసింది. "కూసో. చాయ్ తాగిపో."

ఆ ఇంట్లో నేను ఎప్పుడూ గడప మీదో, రోటి మీదో కూర్చునేదాన్ని. వదిన నాకు ఏనాడూ స్టూల్ వేయలేదు. చాయ్ కావాలంటే పోయి పెట్టుకో అనేది, నాక్కూడా పొయ్యమనేది. ఆ సాయంత్రం సాసర్‌లో పెట్టి ఇచ్చింది. ఆ చాయ్ తాగి, వస్తానని చెప్పి, ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు.

వారం తర్వాత ఆమె ఇంకో గుంపుతో కోకో తోటకు పోవడం మొదలుపెట్టింది. వాళ్ళ ఆటో మా ఆటోకు ఎదురు దిక్కున పోతుంది.

ఒక మధ్యాహ్నమంతా కూర్చుని గుంపులో నాలుగు వరుసలు రాశాను. "పండుగ నాడు వదిన పంపింది నేను గూడ చదవకుండనే దండం పెట్టిన. తర్వాత చదివి నా దండం తీసేసుకున్న. తప్పు ఇద్దరిది. తీసేసింది ఒక్కరిని." ఈసారి ఎవరూ బొటనవేలు ఎత్తలేదు. చాలాసేపటికి ఒకామె రాసింది: "సరే రేపు ఏ తోట." నేను ఆ మాటలు ఎవరి కోసం రాశానో, ఆమె ఆ గుంపులో లేదు.

ఆ తర్వాత నేను ఎవరినీ తీసేయలేదు. పంపిన మెసేజ్‌ను అందరికీ కనపడకుండా చేయడం టీచరమ్మ నేర్పింది. ఏదైనా చెడ్డది వస్తే దాన్ని దాచేసి, "సద్ది వేళ చూద్దాం" అని మాత్రం రాస్తాను. ఎవరు పంపారో పేరు ఎత్తను. మర్నాడు తోటలో అన్నం తినే వేళకు ఆమెను ఒక పక్కకు పిలిచి, మట్టల మీద ఇద్దరం కూర్చుంటాం. ఆమెకు అది మొదట వచ్చిన చోటే ఆమె ఫోన్‌లో తెరిపించి, ఆమె చేతనే వేలు పెట్టించి చదివిస్తాను. చివరి వరుస దాకా నేను నోరు తెరవను.

పోయిన ఎండాకాలం గుంపులో చిన్నదైన ఒక అమ్మాయి, గడుసుది, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు తిరుగుతున్నాడని ఒక మనిషి ఫోటోతో పంపింది.

"సదువు," అన్నాను.

"నువ్వే సదువరాదత్తా, అడ్మిన్వి గద."

"నేను సదివితె నాకొస్తది. నువ్వు సదువు."

మూతి ముడుచుకుని మొదలుపెట్టింది. పక్క చెట్టు కింద నుంచి ఎవరో అరిచారు. "ఏందే, పరీక్ష ఫెయిలైనవా? సప్లిమెంటరీ రాస్తున్నవా?"

"అవ్, నీ పక్క నంబరే నాది," అని ఆ అమ్మాయి తిరిగి అరిచి, మళ్ళీ వేలు పెట్టింది. కిందికి పోయేకొద్దీ గొంతు తగ్గింది. "'కనపడితె వదలొద్దు, కొట్టి...'" ఆగిపోయింది. "అత్తా, గిట్లున్నది నేను చూడలే."

"ఇంకో రెండు వరుసలున్నయి."

అవి కూడా చదివింది. తర్వాత ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. చాలాసేపు చూసింది. "అత్తా, ఈయన చద్దర్లు అమ్మెటాయన గదా! మోపెడ్ మీద వస్తడు. మా అమ్మకు రగ్గు ఈయన కాడనే కొన్నం." రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఇంకో ఎనిమిది మందికి పంపిన నేను."

"అయితె ఎనిమిది మందికి మళ్ళ రాయి."

మట్టి రుద్దుకుని, చేయి తుడుచుకుని, ఒక్కొక్కరికీ రాసింది. అన్నం తినలేదు. మర్నాడు ఇంకొకామె ఏదో పంపబోతే, "చివరిదాక సదివినవా?" అని ఆ అమ్మాయే ఆటోలో అడిగింది.

"మంచిగ చేస్తున్నవ్ అక్కా," అంది టీచరమ్మ ఇది విని.

"గిది నేర్చుకోనీకి నాకు వదిన ఖర్చయింది టీచరమ్మా," అన్నాను.

ఇది ఏదో పెద్ద తెలివి కాదు. ఒక పూట అన్నం వేళ పక్కన కూర్చుంటే సరిపోయే పని. నవమి నాడు మా ఇంటి నుంచి వదిన ఇంటికి నలభై అడుగులు. మెట్టు దిగి పోయి, ఫోన్ ఆమె ముందు పెట్టి, "ఏంది వదినా గిది, సదువు" అంటే ఇద్దరం కలిసి సిగ్గుపడేవాళ్ళం. మట్టల మీద ఎవరి పక్కన కూర్చున్నా నాకు ఆ నలభై అడుగులే గుర్తొస్తాయి. పని బాగా జరిగిన రోజు ఇంకా ఎక్కువ గుర్తొస్తాయి.

టీచరమ్మ రెండుసార్లు వదిన ఇంటికి పోయింది. రెండుసార్లూ వదిన లోపల ఉండి లేనని చెప్పించింది. ఒకసారి నేను జాకెట్ ఇవ్వడానికి దుకాణానికి పోతే, టీచరమ్మ భర్త మిషన్ ఆపి అడిగాడు.

"మీ వదినమ్మ వస్తలేదేందమ్మా? ఆది జాకెట్ నా కాడనే పడి ఉన్నది. ఏమన్న తప్పు కుట్టిన్నా?"

"లేదు భాయ్," అన్నాను. ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో కుట్టించుకుంటోందని నాకు తెలుసు. వాళ్ళ ముందు నిలబడలేక. ఆ మెసేజ్ వాళ్ళ దగ్గర బట్టలు కుట్టించుకోవద్దని చెప్పింది. మా ఊళ్ళో దాన్ని ఎవరూ పాటించలేదు. అది తప్పని తెలిసి సిగ్గుపడిన మనిషి ఒక్కతే దుకాణానికి రావడం మానేసింది. దీన్ని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, కొలత ఇచ్చి వచ్చేశాను.

నిరుడు వానాకాలం ఊరంతా జ్వరాలు. నా కోడలిని తీసుకుని భద్రాచలం దవాఖానాకు పోయాను. ఆమెకు రక్తం తీస్తుంటే నేను వార్డులో మంచాల మధ్య నడుస్తున్నాను. కిటికీ పక్క మంచం మీద వదిన ఉంది. చేతికి సెలైన్ ఎక్కుతోంది. మొహం సగం అయింది. వాళ్ళాయన మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాడట.

"వదినా," అంది. ఏ కోపమూ లేని గొంతు. "నా బిడ్డకు ఫోన్ కలుపు. చెయ్యి లేస్తలేదు."

దిండు కింద నుంచి ఫోన్ తీశాను. పేర్లు ఉండే చోట తెరిచాను. పేర్లు లేవు. అన్నీ బొమ్మలు. ఒక చిలక, ఒక ట్రాక్టరు, ఒక గొడుగు, ఒక మేక. చదువు రానివాళ్ళు మా వైపు అలాగే పెట్టించుకుంటారు, ఏ బొమ్మ ఎవరో గుర్తు పెట్టుకుంటారు. కానీ వదిన ఫోన్‌లో ఒకప్పుడు అన్నీ పేర్లే ఉండేవి. ఒక్కొక్కటీ ఆమే రాసుకుంది. ఆమె రాస్తున్నప్పుడు నేను పక్కన ఉన్నాను. ఎప్పుడో కూర్చుని వాటన్నిటినీ చెరిపేసి బొమ్మలు పెట్టించుకుంది.

"ఏది నొక్కాలె?"

"చిలక."

చిలకను నొక్కి ఆమె చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. బిడ్డతో మాట్లాడింది. బాగానే ఉన్నానంది, తొందరపడి రావద్దంది. మాట అయిపోయాక ఫోన్ వెంటనే ఇవ్వలేకపోయాను. వేలితో కిందికి జరుపుకుంటూ పోయాను. కోడిపుంజు ఉంది, బస్సు ఉంది, కొబ్బరిచెట్టు ఉంది. చివరిదాకా చూశాను.

"మరి నేనేడున్న వదినా?"

"నువ్వు లేవు," అంది.

సెలైన్ సీసా వైపు చూసింది. తర్వాత, "నీ నంబరు నాకు నోటికొస్తది. బొమ్మెందుకు," అంది.

ఫోన్ ఆమె దిండు పక్కన పెట్టాను. సెలైన్ అయిపోవచ్చింది, సిస్టర్‌ను పిలుచుకురావడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో, పోయినట్టు ఉందో తెలియలేదు. మంచం పక్కన కాసేపు నిలబడ్డాను. కోడలు పిలిస్తే వచ్చేశాను.

వదినకు జ్వరం తగ్గింది, పనికి పోతోంది. నోటికి వచ్చిన ఆ నంబరుకు ఇంతవరకు ఫోన్ చేయలేదు.